చెన్నకేశవులు మాస్టారి గొంతు

నేను ఒక వెలుగు పెట్టెను. కాగితాల్లో నా పేరు ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్. అంత పొడుగు పేరుతో నన్ను ఎవరూ పిలవలేదు. పిల్లలకు నేను లైటుపెట్టెను, నన్ను గది నుంచి గదికి మోసిన అటెండరు నాగూరుకు 'ఆ బరువు'ను. ఒంటి నిండా ఇనప రేకు, కడుపులో ఒక బల్బు, నెత్తిన చదరపు అద్దం, పక్కనుంచి పైకి లేచిన ఒక చెయ్యి, దాని చివర భూతద్దం. నా అద్దం మీద ఏది పెడితే దాన్ని గోడ మీద మనిషంత చేసి చూపిస్తాను. నాకు వచ్చిన విద్య అంతే. ఆ ఒక్క విద్యతో ఒక మనిషి ఉద్యోగాన్ని, ముప్పై ఏడు మంది పిల్లల పదో తరగతిని నిలబెట్టాను. గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటే అనుకోండి. చెప్పుకోదగ్గది ఉండి కూడా నోరు మెదపకపోవడం నా దృష్టిలో ఇంకా పెద్ద బడాయి.

హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నా చివరి స్క్రూ బిగించిన మనిషి పేరు యాదగిరి. ప్లగ్గు పెట్టి, ఎదురుగోడ మీద తన అరచేతి నీడ చూసుకుని, "మంచిగున్నది పో, పిల్లలకు చదువు చెప్పుపో" అని నా వీపు మీద తట్టాడు. ఆ మాట నిజమేనని నమ్మి, చెక్కపెట్టెలో గడ్డి మధ్య పడుకుని, లారీ ఎక్కి మార్కాపురం దాటి నల్లగుట్టపల్లె హైస్కూలుకు వచ్చాను. అది పలకల ఊరు. ఊరి చుట్టూ నల్లరాతి గనులు. ఇంటికొకరు రాయి చీల్చేవాళ్ళు, కోసేవాళ్ళు, చట్రాలు బిగించేవాళ్ళు. వాళ్ళు చేసిన పలకల మీద ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దేవారు.

హెడ్మాస్టరు మస్తాన్‌వలీ గారు మంచివారు, జాగ్రత్త మనిషి. నన్ను చూసి ఎంతో సంతోషించారు. ఎంత సంతోషించారంటే, ఎక్కడ పాడైపోతానోనని అదే రోజు బీరువాలో పెట్టి తాళం వేశారు. నాలుగేళ్ళు అక్కడే ఉన్నాను. ఏటా తలుపు తీసి చూసి, 'మంచి స్థితిలో ఉన్నది' అని రాసుకుని మళ్ళీ మూసేవారు. మనుషులకు ఇదొక అలవాటు. ఇష్టమైన వస్తువును వాడకుండా కాపాడుకుంటారు.

బీరువాలో ఉన్నా నాకు ఒక గొంతు మాత్రం వినిపించేది. లెక్కల మాస్టారు చెన్నకేశవులు గారిది. ఆయన ఎక్కం చెబితే గనిలో రాయి కొట్టే వాళ్ళకు వినబడేదట. ఇరవై రెండేళ్ళుగా ఆ ఊరి పిల్లలకు లెక్కలంటే ఆ గొంతే. ఒక వేసవిలో ఆయన మెడలో గడ్డ లేచింది. గుంటూరులో డాక్టరు ముందే చెప్పాడట, తీస్తే ప్రాణం దక్కుతుంది, గొంతు సంగతి చెప్పలేనని. ప్రాణం దక్కింది. గొంతు పోయింది. చెవి దగ్గర పెడితే తప్ప వినిపించని గుసగుస ఒకటి మిగిలింది.

దసరా సెలవుల తర్వాత ఆయన మెడకు కండువా చుట్టుకుని బడికి వచ్చారు. తరగతిలోకి వెళ్ళి నల్లబల్ల మీద రాశారు. ఆయన అటు తిరిగితే ఇటు పిల్లలు గోల. ఇటు తిరిగితే గదమాయించడానికి మాట లేదు. వారం గడిచేసరికి ఆ గోల బీరువాలో ఉన్న నాకే భరించరానిదైంది. పాపం, పిల్లలు చెడ్డవాళ్ళు కాదు. ఆ గొంతుకు లొంగి కూర్చోవడం అలవాటైన వాళ్ళకు, అది లేకపోయేసరికి ఎలా కూర్చోవాలో తెలియలేదు.

తల్లిదండ్రులు హెడ్మాస్టరు గదికి వచ్చారు. బీరువా తలుపు సందులోంచి నాకంతా కనబడింది. ముందు నిలబడినవాడు పేరయ్య, పలకలు కోసే మనిషి. అతని కూతురు కాశమ్మ పదో తరగతి.

"అయ్యవారూ, మీమీద మాకు కోపం లేదు," అన్నాడు పేరయ్య, మాస్టారి కళ్ళలోకి చూడలేక నేలను చూస్తూ. "మా ఇంట్లో పది దాకా వచ్చింది ఈ పిల్లొకతే. నోరు లేకండా లెక్కలెట్టా చెప్తారండీ? మీరే చెప్పండి."

చెప్పమంటే ఆయన ఎలా చెబుతారు? గదిలో అందరికీ ఆ సంగతి ఒకేసారి తట్టింది. పేరయ్య నాలిక్కరుచుకున్నాడు.

మస్తాన్‌వలీ గారు మెల్లగా అన్నారు. "కేశవులు గారూ, ఈ ఏడాదికి ఆఫీసులో కూర్చోండి. లెక్కలకు ఎవరినైనా పంపమని పైకి రాస్తాను. డిప్యూటీ గారు డిసెంబరులో తనిఖీకి వస్తున్నారు. ఈ తరగతి ఆవిడ కంట పడితే మీకే మాట వస్తుంది."

మాస్టారు కాగితం మీద రాసి చూపించారు: 'తనిఖీ దాకా ఆగండి.'

పాత హాజరు పట్టీ కోసమని హెడ్మాస్టరు బీరువా తీసింది అప్పుడే. మాస్టారి చూపు నా మీద పడింది. దగ్గరకు వచ్చి నా మీది దుమ్మును కండువా కొసతో తుడిచారు. ఏమిటిదన్నట్టు కనుబొమలెగరేశారు.

"అదా... విరిగిపోతుందేమోనండీ," అన్నారు మస్తాన్‌వలీ గారు. కానీ తాళంచెవి ఇచ్చేశారు.

మర్నాడు తరగతి గది గోడకు ఎదురుగా ఒక బల్ల మీద నన్ను కూర్చోబెట్టారు. కిటికీలకు గోనెపట్టాలు కట్టారు. స్విచ్చి నొక్కగానే నా లోపలి ఫ్యాను తిరిగింది, కడుపులో బల్బు వెలిగింది, గోడ మీద తెల్లటి చదరం పడింది. పిల్లలందరూ ఒక్కసారి 'ఓ' అన్నారు. నాలుగేళ్ళ తర్వాత కళ్ళు తెరిచాను. మాస్టారు నా అద్దం మీద పారదర్శకంగా ఉన్న షీటు పరిచి, రంగు పెన్నుతో ఒక సమీకరణం రాశారు. అది ఆయన చేతి వెనకాలే గోడ మీదికి పాకింది.

అప్పుడు ఆయనకొక సంగతి అర్థమైంది. ఆయన ముఖంలో నేను చూశాను. నల్లబల్ల మీద రాసేవాడు పిల్లలకు వీపు చూపించాలి. నా మీద రాసేవాడు పిల్లల ముఖాలు చూస్తూ రాస్తాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, తాను ఒక మెట్టు రాస్తున్నప్పుడు ఏ పిల్ల కళ్ళు వెలిగాయో, ఏ పిల్లవాడి నొసలు ముడిపడిందో ఆయన కళ్ళారా చూశారు. నొసలు ముడిపడితే ఆగేవారు. ఆ మెట్టును రెండు మెట్లు చేసి మళ్ళీ రాసేవారు.

మాటలకు బదులు పెన్సిలు వచ్చింది. నా అద్దం అంచు మీద ఒకసారి కొడితే 'చూడండి'. రెండుసార్లు కొడితే 'చదవండి'. గోడ మీద ఉన్నది పిల్లలు గట్టిగా చదవాలి. చదవలేక ఆగిపోతే, ఆగిన చోటే వాళ్ళకు అర్థం కానిది ఉందని మాస్టారికి తెలిసేది. అందరికంటే గట్టిగా కాశమ్మ చదివేది. ఆ పిల్ల అంతకుముందు చివరి వరుసలో పలక దుమ్ముకు దగ్గుతూ కూర్చునేది. ఇప్పుడు ఆ దగ్గు మధ్యలోనే 'కావున' అనే మాటను ఎంత దర్జాగా పలికేదో! నా ఫ్యాను చప్పుడును మించిపోయేది.

నవంబరులో లంబకోణ త్రిభుజం పాఠం వచ్చింది. మాస్టారు ఒక చదరపు చట్రంలో నాలుగు త్రిభుజాలు పేర్చి చూపించాలనుకున్నారు. అట్టముక్కలు కత్తిరించి పెడితే నా వేడికి అవి వంకర్లు పోయాయి. సందుల్లోంచి వెలుగు కారింది. మాస్టారు విసుగ్గా ముక్కలు తీసేస్తుంటే కాశమ్మ లేచింది.

"సార్, మా నాయన్నడగనా? రాయి వంకర పోదు గదా."

రెండు రోజుల తర్వాత పేరయ్య స్వయంగా వచ్చాడు. గుడ్డలో చుట్టి తెచ్చిన నాలుగు నల్లరాతి త్రిభుజాలు, పల్చగా, ఒకదాని మీద ఒకటి పెడితే వెంట్రుకంత తేడా లేదు. వాటితోపాటు చదరపు చెక్క చట్రం. అంత నునుపైన వస్తువులు నా మీద అంతవరకు ఎవరూ పెట్టలేదు. "నేనూ చూడొచ్చా?" అని అడిగి, కిటికీ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

మాస్టారు చట్రం నాలుగు మూలల్లో నాలుగు రాళ్ళు పెట్టారు. గోడ మీద నాలుగు నల్లటి త్రిభుజాలు, మధ్యలో ఏటవాలుగా నిలబడిన ఒక తెల్లటి చదరం. పెన్సిలుతో దాని అంచు చూపించారు. అది త్రిభుజం పొడుగు భుజం మీద కట్టిన చదరం. తర్వాత ఆ రాళ్ళనే మెల్లగా జరిపి, రెండేసి చొప్పున దీర్ఘచతురస్రాలుగా జతకూర్చి, ఎదురెదురు మూలలకు సర్దారు. గోడ మీద ఇప్పుడు రెండు తెల్లటి చదరాలు మిగిలాయి, ఒకటి చిన్నది, ఒకటి దానికంటే పెద్దది. మిగతా రెండు భుజాల మీద కట్టినవి.

పెన్సిలు రెండుసార్లు మోగింది. చదవడానికి గోడ మీద అక్షరాలు లేవు. పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కిటికీ దగ్గర్నుంచి పేరయ్య గొంతు వచ్చింది.

"అంతే గదా! రాళ్ళు అవే. ఒకటి తియ్యలా, ఒకటి పెట్టలా. నలుపు మారనప్పుడు తెలుపెట్టా మారుద్ది? ఆ ఒక్క తెలుపూ ఈ రెండు తెలుపులూ సమానమే!"

గది చప్పట్లతో మోగిపోయింది. పేరయ్య సిగ్గుపడి లేచి నిలబడ్డాడు. "ముప్పై ఏళ్ళు కోశా ఈ రాయి. ఇది చూడలా," అన్నాడు కూతురితో, గొప్ప రహస్యం ఆలస్యంగా తెలిసినవాడిలా. పాఠం చెప్పింది మాస్టారు, కోసింది పేరయ్య, నిజమే. కానీ అంత పెద్దది చేసి గోడకెక్కించింది ఎవరు?

డిసెంబరులో డిప్యూటీ విద్యాధికారి విమలాదేవి గారు వచ్చారు. సన్నటి కళ్ళద్దాలు, తక్కువ మాటలు. చివరి బెంచీలో కూర్చుని, కానివ్వండన్నట్టు తల ఊపారు. మాస్టారు రాళ్ళు పేర్చారు. గోడ మీద ఏటవాలు చదరం నిలిచింది. రాళ్ళను జరపడానికి చెయ్యి చాపారు.

కరెంటు పోయింది.

నా ఫ్యాను ఆగింది. గోడ ఖాళీ అయింది. గోనెపట్టాల సందుల్లోంచి వచ్చే మసక వెలుతురులో మస్తాన్‌వలీ గారి నుదుటి మీది చెమట కూడా కనిపించింది. నా జీవితంలో అంత అవమానం ఎప్పుడూ పడలేదు. ఆయనకు ఉన్న ఒక్క గొంతూ నేనే, సరిగ్గా ఆ సమయానికే మూగబోయాను.

మాస్టారు కదల్లేదు. పిల్లల వైపు చూశారు. చీకటి పడ్డ నా అద్దం మీద పెన్సిలుతో కొట్టారు, రెండుసార్లు.

చదవండి.

ఏం చదవాలి? ఎవరికీ అర్థం కాలేదు. కాశమ్మ లేచింది. ఖాళీ గోడ వైపు చూస్తూ, అక్కడ అంతా ఉన్నట్టే చదవడం మొదలుపెట్టింది. నాలుగు మూలల్లో నాలుగు త్రిభుజాలున్నాయంది, మధ్యలో మిగిలిన తెలుపు పొడుగు భుజం మీది చదరమంది.

"ఆగు," అన్నారు విమలాదేవి గారు. "ఆ నాలుగు త్రిభుజాలూ సమానమని నీకెట్లా తెలుసు?"

"మా నాయన కోశాడండీ."

తరగతి నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "మీ నాయన చెయ్యి గొప్పదే. కానీ అది రుజువు కాదు."

కాశమ్మ రెండు వేళ్ళను లంబకోణంలా చాపింది. "లంబకోణం చేసే రెండు భుజాలు నాలుగింటికీ ఒకే కొలతండీ. మధ్యలో కోణం తొంభయ్యే. కావున సమానం."

"సరే. మధ్యలోది చదరమేనని ఎందుకనాలి? నాలుగు భుజాలు సమానమైతే చాలా? ఒరిగిపోయిన సమచతుర్భుజం కాకూడదా?"

ఆ ప్రశ్న మాస్టారు ఎప్పుడూ అడగలేదు, నేను ఎప్పుడూ గోడ మీద చూపలేదు. కాశమ్మ దగ్గింది. గోడ దగ్గరకు నడిచింది. వట్టి గోడ మీద, సరిగ్గా చట్రం అంచు ఉండాల్సిన చోట వేలు పెట్టింది.

"ఇక్కడ మూడు కోణాలు కలుస్తాయండీ. ఇటు ఒక త్రిభుజం చిన్న కోణం, అటు ఇంకో త్రిభుజం పెద్ద కోణం. ఆ రెండూ కలిస్తే తొంభై. తిన్నటి గీత మీద నూట ఎనభైలో తొంభై పోతే మిగిలేది తొంభై. ఇంక అది ఎట్టా ఒరిగిద్దండీ?"

విమలాదేవి గారు లేచి వచ్చి ఆ పిల్ల వేలు పెట్టిన చోటు వైపు, ఏమీ లేని ఆ గోడ వైపు, కాసేపు చూశారు. తర్వాత మాస్టారి వైపు తిరిగారు.

"మాస్టారూ, నాకు గొంతున్న లెక్కల టీచర్లు నూట ఇరవై మంది ఉన్నారు. ఇట్లా మాట్లాడే పిల్లలున్న తరగతి నేను చూడలేదు. మీ పాఠం మీరు చెప్పుకోండి. ఆఫీసులో కూర్చోవడానికి వేరేవాళ్ళు దొరుకుతారు."

ఆవిడ జీపు వెళ్ళాక గానీ కరెంటు రాలేదు. అప్పుడు ఎవరూ ఆపని నా స్విచ్చి వల్ల, ఖాళీ గదిలో నేను ఒక్కదాన్నే వెలిగాను. అప్పుడనిపించింది. నేను వెలగకపోయినా కనబడేటంతగా చూపించాను కదా. ఏ ప్రొజెక్టరుకైనా ఇంతకంటే గర్వం ఏం కావాలి?

అంతకుముందు ఏడాది లెక్కల్లో గట్టెక్కినవాళ్ళు సగం మందే. ఆ ఏడాది ముప్పై ఏడు మందిలో ముప్పై ఒకరు. తప్పిన ఆరుగురూ వేసవి అంతా నా ముందు కూర్చున్నారు, వాళ్ళలో నలుగురు సెప్టెంబరు పరీక్షలో దాటారు. కాశమ్మ ఒంగోలులో పాలిటెక్నిక్‌లో చేరింది.

ఇప్పుడు నేను అదే బడిలో సైన్సు గదిలో ఒక అల్మరా మీద ఉన్నాను. నా కొలత బల్బులు తయారు చేయడం మానేశారు. కింద గోడకు ఒక పెద్ద తెర వేశారు. అది బొమ్మలు చూపిస్తుంది, తనే మాట్లాడుతుంది. బాగానే చెబుతుంది. పిల్లలు నొసలు ముడేస్తే మాత్రం ఆగదు. అది దాని తప్పు కాదు, దాని పక్కన నిలబడే మనిషి చూసుకోవాలి.

నేను ఆఖరుసారి వెలిగింది మాస్టారు రిటైరైన సాయంత్రం. బడి ఆవరణలో షామియానా వేశారు, ఊరంతా వచ్చింది. పొగిడేవాళ్ళు పొగిడారు, శాలువాలు కప్పేవాళ్ళు కప్పారు. చివరికి అలవాటు ప్రకారం, "ఇప్పుడు మాస్టారు రెండు మాటలు మాట్లాడతారు" అని మైకులో అనేశాడు ఎవరో. అన్నాక నోరు నొక్కుకున్నాడు. మాస్టారు నవ్వి నాగూరుకు సైగ చేశారు. నాగూరు నన్ను వేదిక మీదికి తెచ్చి, ఒక తెల్లటి పంచెకు ఎదురుగా పెట్టాడు.

మాస్టారు షీటు పరిచి ఒకే వాక్యం రాశారు. 'ఎవరికైనా సందేహాలున్నాయా?'

జనం గొల్లున నవ్వారు. కొందరు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. అంతలో వెనక వరుసలో ఒక చెయ్యి లేచింది. పేరయ్య. జుట్టు నెరిసింది, రాతి దుమ్ముకు గొంతు బొంగురుపోయింది.

"ఒకటుందయ్యవారూ. శానా ఏళ్ళ నుంచి ఉంది. ఆ త్రిభుజానికి తిన్నటి మూల లేకపోతే ఎట్టా? అప్పుడు కూడా తెలుపు తెలుపుకు సరిపోద్దా?"

మాస్టారు అతని వైపు చూశారు. మెడలో దండలన్నీ తీసి కుర్చీ మీద పెట్టారు. ఆ షీటు తీసేసి కొత్తది పరిచారు. పెన్నుతో లంబకోణం లేని ఒక త్రిభుజం గీశారు, నెమ్మదిగా, ఆ వెనక వరుసను చూస్తూ. టీలు పంచుతున్నవాళ్ళు ఆగిపోయారు. మైకు మనిషి మైకు కట్టేశాడు.

పెన్సిలు నా అద్దం మీద ఒకసారి మోగింది. జనం కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.