ఏ గుర్రమూ రాని పందెం

శోభనాద్రి గారు మొదటిసారి మెట్లెక్కి వచ్చినప్పుడు, ఎవరో విద్యార్థి తండ్రి ఫీజు కట్టడానికి వచ్చాడనుకుంది హెప్సిబా. గుడివాడ బస్టాండు వెనక, టైర్ల కొట్టు పైన రెండు గదుల కంప్యూటర్ సెంటర్ అది. ఎమ్మెస్సీ లెక్కలు చదివిన హెప్సిబా అక్కడ మూడేళ్ళుగా పాఠాలు చెబుతోంది. ఆయన చొక్కా వానకి తడిసి భుజాలకి అంటుకుపోయింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మీరు ప్రోగ్రాములు రాస్తారంట గదండీ. నాకొకటి కావాలి. గుర్రప్పందేలకి."

"ఏ గుర్రం గెలుస్తుందో కంప్యూటర్ చెప్పదండీ."

"అది నేను చూసుకుంటానమ్మా. ఎంత పెట్టాలో చెబితే చాలు. నా కన్ను మంచిదే. చెయ్యే ఆగదు."

ఆయనది నాగాయలంక. రొయ్యల చెరువులు బాగా కలిసొచ్చిన రోజుల్లో కారు కొన్నారు, మేడ కట్టారు. తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులు తుడిచిపెట్టుకుపోయాక, ఉన్నవి కౌలుకిచ్చి, వారం వారం హైదరాబాద్ పందేల మీద డబ్బు కాయడం మొదలుపెట్టారు. విజయవాడలో ఒక బుకీ ఫోన్ మీదే పందెం తీసుకుంటాడు. గెలిచినదంతా తెచ్చి తరవాతి గుర్రం మీద పెట్టడం, అంతా పోగొట్టుకోవడం. ఇంతవరకూ జరిగింది ఇదే.

"మా ఆవిడ గంగాదేవి అందండీ, నా మాటకి ఎలాగూ ఆగరు, మిషను మాటకన్నా ఆగుతారేమో చూడండని."

హెప్సిబా తండ్రి సంఘకాపరి. వాళ్ళింట్లో పేకముక్క కూడా ఎవరూ ముట్టలేదు. అయినా ఒప్పుకుంది. లెక్క ఆమెకి నచ్చింది. అంతకన్నా, ఈ లెక్క ఆయన చేత పందేలు మాన్పిస్తుందని నమ్మింది. పద్ధతి చాలా తేలిక. ప్రతి గుర్రానికీ గెలిచే అవకాశం నూటికి ఎంతో ఆయన చెప్పాలి. గెలిస్తే రూపాయికి ఎంత ఇస్తాడన్న బుకీ రేటు పక్కన కొట్టాలి. ఆయన చెప్పిన అవకాశం రేటు కన్నా మెరుగ్గా ఉంటే, చేతిలో ఉన్న మొత్తంలో ఎన్నో వంతు పెట్టాలో ప్రోగ్రాం చెబుతుంది. లేకపోతే సున్నా చూపిస్తుంది. ఒక పందెంలో గుర్రాలన్నిటి అవకాశాలూ కలిపితే కచ్చితంగా నూరు కావాలి. కాకపోతే ప్రోగ్రాం ముందుకి కదలదు. నాలుగు వారాలు తిరిగేసరికి తన కన్ను ఎంత మంచిదో ఆయనకే తెలిసొస్తుందని ఆమె ధీమా.

ఆయన ప్రతి శుక్రవారం నాగాయలంక నుంచి బస్సులో వచ్చేవారు. రేసు బుక్కు చేతిలో పెట్టుకుని, గుర్రం పేరు, దాని గెలుపు అవకాశం వరసగా చదివేవారు. ఎక్కడా తడుముకునేవారు కాదు. ఇరవై మూడు, ఆరు, పదకొండు, అలా. కూడితే ప్రతి పందేనికీ సరిగ్గా నూరు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, క్లాసు లేని వేళ, హెప్సిబా అప్పటిదాకా జరిగిన పందేల ఫలితాలన్నీ ఎక్కించి చూసింది. ఆయన నూటికి ఇరవై అన్న గుర్రాల్లో అయిదింట ఒకటి గెలిచింది. పది అన్నవాటిలో పదింట ఒకటి. యాభై అన్నవి సగం. లెక్కలో తప్పు చేశానేమోనని మళ్ళీ మొదట్నించీ చేసింది. గెలిచే గుర్రాన్ని చెప్పగలవాళ్ళు ఉంటారని ఆమె వింది, నమ్మలేదు. ఇది అది కాదు. తనకి ఎంత తెలుసో, ఎంత తెలీదో అంత సరిగ్గా తెలిసిన మనిషి ఉండడు. ఫ్యాను తిరుగుతూనే ఉన్నా గదిలో గాలి ఆడనట్టనిపించి, లేచి కిటికీ తెరిచింది.

ఆ శుక్రవారం అడిగింది. "ఈ అంకెలు ఎలా వేస్తున్నారండీ?"

"లెక్కపెడతానమ్మా," అన్నారాయన, అందులో వింతేముందన్నట్టు. "గురువారం సాయంత్రం పాలకాయతిప్ప వెళ్తాను. ఏరు సముద్రంలో కలిసే చోట కూర్చుని, రేసు బుక్కు ఒకసారి చదివి కళ్ళు మూసుకుంటాను. గుర్రాలు తడి ఇసక మీద పరిగెడతాయి. నూరుసార్లు పరిగెడతాయి. ఏది ఎన్నిసార్లు ముందొచ్చిందో వేళ్ళ మీద లెక్కెట్టుకుంటాను."

"ఏడు పందేలు, ఒక్కోటి నూరుసార్లు. ఒక్క సాయంత్రంలోనా?"

"అక్కడ పొద్దు తెలీదమ్మా."

ఆయన కళ్ళలో వెర్రి లేదు. వరి ధర చెబుతున్నంత మామూలుగా ఉంది గొంతు. సరిగ్గా ఈ పనికే హెప్సిబా కంప్యూటర్ వాడాలని చూసింది. ఒకే పందేన్ని వేలసార్లు ఊహల్లో నడిపించి గెలుపులు లెక్కపెట్టడం. ఆయన అదే ఒక ఇసకతిప్ప మీద కూర్చుని చేస్తున్నారు.

మరుసటి వారం ప్రోగ్రాం ముందుకి కదలలేదు. కూడితే తొంభై ఏడే వచ్చింది. రెండో పందెం కూడా అంతే. మూడోదీ అంతే.

"మూడు తగ్గాయండీ. ఎక్కడో మర్చిపోయుంటారు."

"మర్చిపోలేదమ్మా. మూడుసార్లు ఎవరూ రాలేదు."

"అంటే?"

"బయల్దేరిన చప్పుడు వినపడుద్ది. మలుపు దాకా వస్తాయి. ఆ తరవాత ఏదీ రాదు."

ఆ మూడూ మిగతా గుర్రాలకి పంచేద్దామంది హెప్సిబా. ఆయన ఒప్పుకోలేదు. "లేనిది ఉందని ఎందుకండీ చెప్పడం?" చివరికి ప్రోగ్రాంలో ప్రతి పందెం కిందా ఇంకో వరస కలిపింది. దానికి 'ఎవరూ కాదు' అని పేరు పెట్టింది.

ఆ వరసలో అంకె తరవాతి వారం పదకొండయింది. దసరా ముందు ముప్ఫై దాటింది. ఆ వరస పెరిగిన కొద్దీ గుర్రాల అవకాశాలు తగ్గాయి. ప్రోగ్రాం ఏ గుర్రం మీదా పెట్టవద్దని సున్నాలు చూపించడం మొదలుపెట్టింది. శోభనాద్రి గారు నిజంగానే పందెం కాయడం మానేశారు. హెప్సిబా కోరుకున్నది అదే. కానీ ఆయన రావడం మానలేదు. పందెం కాయకపోయినా వచ్చి అంకెలు చదివి వెళ్తున్నారు. బుగ్గలు లోపలికి పోయాయి. దసరా వెళ్ళిన వారం ఆ వరసలో యాభై ఎనిమిది వేయించి, రేసు బుక్కు మూసి, చాలాసేపు తెర వైపే చూస్తూ నిలబడ్డారు.

ఆయన్ని డాక్టరుకి చూపించాలనుకుంది హెప్సిబా. నాగాయలంక ఫోన్ చేస్తే గంగాదేవి గారు తీశారు. అంతా చెప్పింది.

"గురువారం మీరోసారి రండమ్మా," అన్నారావిడ. "మీరొస్తే నేనూ వస్తాను. నేను సముద్రం వైపు వెళ్ళి ఇరవై రెండేళ్ళయింది."

ఆ గురువారం రేడియోలో తుఫాను వార్త ఉంది. బంగాళాఖాతంలో పెద్దదే పుట్టిందట, ఒరిస్సా వైపు వెళ్తోందట. మనకి భయం లేదన్నారు. హెప్సిబా చేరేసరికి ఎండ కూడా కాస్తోంది. గంగాదేవి గారు సన్నగా, పొడుగ్గా ఉన్నారు. అన్నం వడ్డిస్తూ, ఎవరూ అడగకుండానే చెప్పారు.

"డెబ్భై ఏడు ఉప్పెనప్పుడు మా పాపకి మూడేళ్ళమ్మా. అదీ, మా అత్తగారూ పోయారు. నాకు పట్టుకోవడానికి తుమ్మకొమ్మ దొరికింది. ఆయన ధాన్యం వేసుకుని గుడివాడ మిల్లుకెళ్ళారు. దారులు పోయి మూడో రోజుకి గానీ రాలేకపోయారు. ఆ వేళ ఏం జరిగిందో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు."

సాయంత్రం కారులో ముగ్గురూ పాలకాయతిప్ప వెళ్ళారు. గంగాదేవి గారు సరుగుడు చెట్ల దగ్గరే ఆగిపోయారు. శోభనాద్రి గారు బోర్లించిన పడవ మీద కూర్చుని, రేసు బుక్కు చదివి కళ్ళు మూసుకున్నారు. హెప్సిబా పక్కన నిలబడింది. ఆమెకి అలలు తప్ప ఏమీ వినపడలేదు. కాసేపటికి ఆయన బొటనవేలు కణుపుల మీద కదలసాగింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. అలల తూగుకి ఆ కదలికకి పొంతన లేదు. ఆయన పెదవులు మాత్రం ఒకే మాట అంటున్నాయి. "రాలేదు. రాలేదు. రాలేదు."

గాలి ఎప్పుడు ఆగిందో హెప్సిబాకి తెలీలేదు. సరుగుడు ఆకు కదలడం లేదు. కాళ్ళ కింద ఇసక సన్నగా అదురుతున్నట్టనిపించి కిందికి చూసింది. పీత బొరియల్లో నిలిచిన నీళ్ళు వణుకుతున్నాయి. అన్ని బొరియల్లోనూ, ఒక్కలాగే.

వెనక నుంచి ఎవరో చెయ్యి పట్టుకున్నారు. గంగాదేవి గారు.

"మీకు వినపడట్లేదా?"

"గుర్రాలా అండీ?"

"గుర్రాలు కాదు." ఆమె భర్త దగ్గరికెళ్ళి రెండు భుజాలూ పట్టి కుదిపారు. "లేవండి. గుర్రాలు కాదండీ అవి. నీళ్ళు. ఆ రోజు ముందు వచ్చిన చప్పుడు ఇదే. రోడ్డు మీద ఎవరో మందని తోలుకొస్తున్నారనుకుని నేను పాప చెయ్యి పట్టుకుని తలుపు తీసుకుని బయటికొచ్చాను. అందుకే బతికాను."

ఆయన కళ్ళు తెరిచి ఆమెని చూశారు. "నూటికి నూరు, గంగా," అన్నారు. "ఒక్కసారీ ఎవరూ రాలేదు."

చెరువుల దగ్గరికి తిరిగి వచ్చేసరికి చీకటి పడుతోంది. చెరువుల కాపలాదారు పోతయ్య ఇల్లూ, కూలీల ఇళ్ళూ గట్టు పక్కన వరసగా ఉన్నాయి. శోభనాద్రి గారు తుఫాను షెల్టరుకి వెళ్ళిపోదాం పదండంటే పోతయ్య నెమ్మదిగా అన్నాడు, "రేడియోలో మన వైపు కాదంటన్నారు గదా బాబుగారూ. గాలి కూడా లేదు." ఆయన పందేల సంగతి వాళ్ళందరికీ తెలుసు. ఎవరూ కదలలేదు.

అప్పుడు గంగాదేవి గారు ముందుకొచ్చి, పోతయ్య ఇంటి గుమ్మం దగ్గర నిలబడి, ఆ ఉప్పెన రోజు చెప్పారు. ఏడవలేదు, గొంతు పెంచలేదు. పాప చెయ్యి ఎక్కడ జారిందో చెప్పారు. ఇన్నేళ్ళలో ఆ ఊళ్ళో ఆమె నోట ఆ మాట విన్నవాళ్ళు లేరు. పోతయ్య భార్య లోపలికెళ్ళి, నిద్రపోతున్న మనవరాలిని భుజానేసుకుని వచ్చింది. ఆ తరవాత ఒక్కొక్క ఇల్లే కదిలింది.

ఆ రాత్రంతా షెల్టరు పై అంతస్తులో చాపల మీద కూర్చున్నారు. నీళ్ళు రాలేదు. తెల్లవారింది. మధ్యాహ్నం దాకా చూశారు. సముద్రం వైపు నుంచి పల్చటి గాలి తప్ప ఏమీ లేదు. చాపలు చుట్టుకుని అందరూ దిగిపోతుంటే, కింద రోడ్డు మీద ఎవరో నవ్వడం హెప్సిబాకి వినపడింది. శోభనాద్రి గారు తల వంచుకుని అందరికన్నా ఆఖరున దిగారు. హెప్సిబా సాయంత్రం బస్సుకి గుడివాడ వచ్చేసింది. తనకి కూడా సిగ్గుగానే ఉంది. ఆ బొరియల్లో నీళ్ళు ఏ గాలికో కదిలాయని సర్దిచెప్పుకుంది.

ఒరిస్సా వార్తలు మెల్లగా వచ్చాయి. ముందు ఫోన్లు పనిచెయ్యడం లేదన్నారు. తరవాత మునిగిపోయిన ఊళ్ళ పేర్లు వచ్చాయి. పేపర్లో ఫోటోలు వచ్చాయి. వీళ్ళు షెల్టరు మీద కూర్చుని చూస్తున్న ఆ శుక్రవారం ఉదయమే సముద్రం అక్కడి తీరం మీద పడిందని చదివి, హెప్సిబా ఆ రోజు క్లాసు చెప్పలేకపోయింది.

తరవాతి శుక్రవారం శోభనాద్రి గారు వచ్చారు. ఈసారి కుర్చీలో కూర్చున్నారు.

"నిన్న వెళ్ళానమ్మా. అలలే ఉన్నాయి. ఇంకేం లేదు."

హెప్సిబా తలూపింది.

"మనం తప్పు చెప్పామా?" అని అడిగారు.

ఆమె తెర మీద 'ఎవరూ కాదు' వరస తెరిచి చూసింది. "నూరూ నిజమే అయింది. ఏ ఒడ్డునో మనం అడగలేదండీ."

"అడిగితే చెప్పేదా?"

"తెలీదండీ."

గుడివాడ నుంచి బియ్యం లారీలు ఒరిస్సాకి బయల్దేరుతున్నాయి. పందేల కోసం పక్కన పెట్టిన డబ్బంతా పెట్టి శోభనాద్రి గారు ఒక లారీ నింపారు. తనూ ఎక్కారు. గంగాదేవి గారు కూడా ఎక్కారని, ఎవరు వద్దన్నా దిగలేదని పోతయ్య తరవాత చెప్పాడు.

డిసెంబరు మొదట్లో ఒక పొద్దున సెంటరుకి ఫోన్ వచ్చింది. లైన్లో గరగర చప్పుడు. గంగాదేవి గారి గొంతు.

"వంటలు చేస్తున్నామమ్మా ఇక్కడ, తుఫానులో మిగిలినవాళ్ళకి. ఆయన పొయ్యిల దగ్గరే ఉంటారు. బాగానే ఉన్నారు." మళ్ళీ అన్నారు, "తెలుగొచ్చిన ఒక నర్సమ్మ ఉంది. ఈ ఊరి ఆడవాళ్ళు ఆమె చేత నన్ను అడిగించారు, ఆ చప్పుడు చెవుల్లోంచి ఎన్నేళ్ళకి పోతుందని."

"మీరేం చెప్పారండీ?"

"అబద్ధం చెప్పలేను గదా. పోదని చెప్పాను. మొన్న రాత్రి నలుగురం ఒకే దుప్పటి కింద పడుకున్నాం. అందరికీ నిద్ర పట్టింది."

వెనక నుంచి ఎవరో ఆమెని కేకేశారు. అన్నం ఉడికిందట. వస్తున్నానని చెప్పి ఆమె ఫోన్ పెట్టేశారు.