నమ్మకం లేదు

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకి మందిరం కమిటీ గదిలో విచారణ మొదలైంది. నేరం అవిశ్వాసం. ముద్దాయి లిఫ్టు మెకానిక్. సాక్ష్యం అరచేయంత ఎర్ర చీటీ.

కమిటీ అధ్యక్షుడు ఆ చీటీని చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తి అందరికీ చూపించాడు. ఆయన మెకానిక్‌కి స్వయానా అక్క మొగుడు.

“చదవరా. పైకి చదువు.”

“నమ్మకం లేదు,” చదివాడు మెకానిక్.

“కింద సంతకం ఎవరిది?”

“నాదే బావా.”

“విన్నారా? దేవుడి మందిరంలో నమ్మకం లేదని రాసి, దస్తూరీ తెలియకపోతుందేమోనని సంతకం కూడా పెట్టాడు! నా బామ్మర్ది కదాని నేను వెనకేసుకురాను.”

తెల్లబట్టల్లో ఉన్న ఐదుగురు సభ్యులూ ఒకేసారి నిట్టూర్చారు. వాళ్ళకి అది బాగా అలవాటున్న పని.

“బావా, బొటనవేలు తియ్యి.”

“ఏంటీ?”

“నీ బొటనవేలు కింద ఇంకో మాటుంది.”

బావ వేలు జరిపాడు. గ్రీజు మరక పక్కన ‘బ్రేకు’ అని ఉంది.

వేరే మనుషులైతే అక్కడే నవ్వేసి టీ తెప్పించుకునేవాళ్ళు. బావకి నవ్వే తీరిక లేదు. పది గంటలకి పెద్ద బోధకుడు వచ్చి లిఫ్టు ప్రారంభిస్తాడు. తర్వాత మూడో అంతస్తు హాల్లో, లిఫ్టు తెప్పించినందుకు బావకి ‘నమ్మకమైన దాసుడు’ అని చెక్కిన ఇత్తడి ఫలకం ఇస్తాడు. లిఫ్టు కదలకపోతే ఫలకం లేదు. దాని కోసం బావ ఇంట్లో గోడకి మేకులు ముందే కొట్టించేశాడు.

“సరే, బ్రేకే అనుకో. దేవుడి మీద భారం వెయ్యలేవా?”

“దేవుడి మీద ఎంత భారమైనా వేస్తాను. ఆ బ్రేకు మీద వెయ్యను. మూసేసిన హోటల్లోంచి పీకించుకొచ్చావు. లైనింగు అరిగిపోయింది. ముగ్గురెక్కితే ఆగుతుంది. ఎనిమిది మందెక్కితే జారిపోతుంది.”

“ఇన్నాళ్ళూ హోటల్లో నడవలేదా?”

“నడిచింది. అందుకే అరిగింది.”

“నోరు బాగా లేస్తోందిరా నీకు!” బావ చీటీని నలిపి బుట్టలో పడేశాడు. “స్విచ్చి నేనే వేస్తాను.”

“స్విచ్చికి ఎవరు కట్టిన చీటీ వాళ్ళే విప్పాలి బావా. మా పనిలో అది రూలు.”

“ఇక్కడ రూలు నేను.”

మెకానిక్ చొక్కా జేబు తడుముకుని బయటికి నడిచాడు.

కింద మెట్ల దగ్గర చక్రాల కుర్చీలో వాళ్ళమ్మ కూర్చుని ఉంది. హాలు మూడో అంతస్తుకి మారినప్పటి నుంచి, ఏడు నెలలుగా, ఆమె ఆరాధన అక్కడే. ఎదురుగా గోడకి స్పీకరు. పాటలన్నీ డబ్బాలో రాళ్ళు పోసి కదిలించినట్టు వినిపిస్తాయి. ఈ రోజు కొత్త చీర కట్టుకుంది.

“ఏరా, ఎక్కిస్తావా నన్ను?”

“ఇవాళ కాదమ్మా.”

“ఊళ్ళో వాళ్ళందరి లిఫ్టులూ బాగుచేస్తావు. తల్లికొచ్చేసరికి ఇవాళ కాదు, రేపు కాదు. ఒక్కసారి వాళ్ళందరి మధ్యా కూర్చుని పాడాలనుందిరా.”

“తెలుసమ్మా.”

“అల్లుడు ఎక్కిస్తానన్నాడు.”

మెకానిక్ మొహం నల్లబడింది. తల్లి అడిగితే కాదనడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. ఈసారి నేర్చుకోక తప్పలేదు.

పది గంటలకి పెద్ద బోధకుడి కారు ఆగింది. ఆయన మోకాళ్ళ నొప్పి మనిషి, నిండైన విగ్రహం. లిఫ్టు అనగానే మొహం వెలిగింది. రిబ్బను కత్తిరించాడు. బావ, ఐదుగురు సభ్యులు లోపలికెక్కారు. బావ అత్తగారి కుర్చీని కూడా తోసుకుంటూ తీసుకెళ్ళి, ఫొటోలో పడేట్టు ముందు నిలబెట్టాడు. బోధకుడు ఎక్కితే ఎనిమిది నిండింది.

బావ ‘మూడు’ నొక్కాడు. ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కాడు. దీపం కూడా వెలగలేదు.

“ప్రార్థన చేద్దాం,” అన్నాడో సభ్యుడు.

చేశారు. శక్తి చాలదనుకుని గొంతు పెంచారు. కదలమని లిఫ్టుని గద్దించారు. నిమిషాలు గడుస్తున్నా తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. చొక్కాలు వీపులకి అతుక్కుపోయాయి.

“ఏమైందయ్యా దీనికి?” బోధకుడు అడిగాడు.

బయట నిలబడ్డ మెకానిక్ జేబులోంచి ఫ్యూజు తీసి చూపించాడు. “ఇది పీకేశానండీ. బ్రేకు నమ్మకంగా లేదు.”

“అవిశ్వాసి!” బావ అరిచాడు. “దేవుణ్ణి పరీక్షిస్తున్నాడండీ వీడు!”

“దేవుణ్ణి కాదు బావా, బ్రేకుని. మందిరం పనికి నువ్వు తెప్పించిన సిమెంటు బస్తాలు ఇక్కడే ఉన్నాయిగా. పదకొండు వేస్తే ఎనిమిది మంది బరువు. ముందు వాటిని పంపిద్దాం. పోతే సిమెంటే పోతుంది.”

బోధకుడు తన పొట్టకేసి చూసుకున్నాడు. పైకప్పుకేసి చూశాడు. మోకాళ్ళ నొప్పి ఏమైందో గానీ, అందరికంటే ముందు ఆయనే బయట ఉన్నాడు. బావా, ఐదుగురు సభ్యులూ ఒకరినొకరు తోసుకుంటూ దూకారు. కుర్చీ లోపలే మిగిలిపోయింది.

మెకానిక్ వెళ్ళి తల్లిని బయటికి తెచ్చాడు.

బస్తాలు వేశారు. మెకానిక్ అందరినీ దూరం జరిపి, తలుపులు మూయించి, పైకి వెళ్ళి ఫ్యూజు పెట్టి, లిఫ్టుని మూడో అంతస్తుకి రప్పించాడు. పెట్టె అక్కడ ఆగింది. బావ చెయ్యెత్తి “స్తోత్రం!” అనబోయాడు. ‘స్తో’ దగ్గరుండగానే తాడు చక్రం సన్నగా కీచుమంది. పెట్టె కిందికి జారడం మొదలుపెట్టింది. కింద గుంటలో స్ప్రింగుల మీద పడ్డ చప్పుడుకి గోడ అదిరింది. తలుపు సందుల్లోంచి బూడిదరంగు దుమ్ము ఎగజిమ్మి బావతో కలిపి ఆరుగురి తెల్లబట్టల మీదా సమానంగా కూర్చుంది.

బోధకుడు మెట్లెక్కడం మొదలుపెట్టాడు. వెనకే అందరూ వెళ్ళారు.

మెకానిక్ గుంటలోకి దిగి సిమెంటు ఎత్తిపోస్తుంటే స్పీకరు గరగరమంది. బావ గొంతు.

“...ఎక్కబోయే క్షణంలో ఆత్మ నాతో మాట్లాడింది ప్రియులారా! ఆగు దాసుడా అంది! నేను అందరినీ ఆపాను! ఎనిమిది ప్రాణాలు!”

చప్పట్లు. తర్వాత బోధకుడు ఆయాసపడుతూ, “నమ్మకమైన దాసుడు...” మళ్ళీ చప్పట్లు.

మెకానిక్ పార ఆపలేదు.

“ఏరా,” తల్లి పిలిచింది. “అది బాగవడానికి ఎన్నాళ్ళు?”

“కొత్త లైనింగు రావాలి. పది రోజులు. ముందు బస్తాలతో చూసి, తర్వాత నేనెక్కి, ఆ తర్వాత నిన్ను.”

“సరే. దిగవలసిన చోట దింపేవాడివి నువ్వే.” ఆమె కొత్త చీర మీది దుమ్ము దులుపుకుంది. “ఆ ఎర్ర చీటీ ఇంకోటుందా?”

“ఉంది. ఎందుకు?”

“ఇటివ్వు. సంతకం నేను పెడతాను.”

గ్రీజు చేత్తోనే ఇచ్చాడు. ఆమె పెన్ను అడిగి తీసుకుని, ‘నమ్మకం లేదు’ అని వంకర అక్షరాలతో రాసి సంతకం చేసింది. పైన ‘బ్రేకు’ అని రాయలేదు. కుర్చీ చక్రాలు తిప్పుకుంటూ వెళ్ళి, బావ మళ్ళీ సాక్ష్యం మొదలుపెట్టగా, చెయ్యి చాచి స్పీకరు కింద వేలాడుతున్న తీగకి కట్టేసింది.

“ఎవరు కట్టింది వాళ్ళే విప్పాలంటావుగా,” అంది.