ఎర్రమ్మ పైపళ్ళ సెట్టు

నేను ఒక పళ్ళసెట్టును. పై దవడకు పెట్టుకునేదాన్ని. పద్నాలుగు పళ్ళు, గులాబీరంగు చిగుళ్ళు, అంగిలిని కప్పే నున్నని పలక, అంతా ప్లాస్టిక్కే. నాకు నాలుక మాత్రం లేదు. ఉంటే ఈ కథ ఇలా నడిచేది కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను నిందించకండి. ఇప్పటికే నన్ను నిందించినవాళ్ళు చాలామంది ఉన్నారు.

నన్ను చేయించుకున్న ఎర్రమ్మది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున కొత్తరేవు. సంతలో ఎండుచేపలు అమ్మేది. ఆమె కేక వేస్తే సంత చివర బేరమాడేవాడు కూడా తల తిప్పేవాడు. ఆ గొంతే ఆమె కూడు, ఆమె పరువు. అయితే దేవుడు ఉచితంగా ఇచ్చిన పళ్ళను యాభై రెండేళ్ళకే ఊడగొట్టుకుంది. పొద్దున్నే చుట్టబూడిదతో తోముకోవడం, ఆ నోట్లోనే మళ్ళీ చుట్ట పెట్టుకోవడం, ఇదీ ఆమె దంతధావనం. చిగుళ్ళు నెత్తురు కారితే వేడిచేసిందనేది. పళ్ళు కదిలితే వయసనేది. మనుషులకు కారణాలకు ఎప్పుడూ కరువు లేదు.

ఆ చుట్ట కూడా మామూలుగా కాదు, అడ్డపొగ. నిప్పున్న కొసను నోటి లోపలికి పెట్టి పెదాలు మూసేస్తారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు, చేతులు చేపల పనిలో ఉన్నా పొగ ఆగదు. అక్కచెల్లెళ్ళిద్దరూ తల్లి దగ్గర నేర్చుకున్నారు, ఆ తల్లి తన తల్లి దగ్గర. ఎర్రమ్మా, ఆమె చెల్లెలు దానమ్మా ఎదురెదురుగా కూర్చుని చేపలు చీలుస్తూ, బుగ్గల్లో నిప్పు పెట్టుకుని గంటలకొద్దీ మాట్లాడుకునేవారు.

పట్నంలో పళ్ళ డాక్టరు స్వర్ణలత ఆమె నోరు తెరిపించి చాలాసేపు చూసింది. అంగిలి మీద తెల్లని మచ్చ ఉంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, ఇప్పటికైతే భయం లేదని చెప్పింది. "కానీ అడ్డపొగ మానకపోతే ఇది కేన్సర్ అవుతుంది ఎర్రమ్మగారూ. తర్వాత ఏడ్చినా లాభం లేదు" అంది. పళ్ళ సంగతికొస్తే, ఎముకలో మరలు దింపి వాటిమీద పళ్ళు నిలబెట్టే ఇంప్లాంట్లు ఉన్నాయని, తీసి పెట్టుకునే సెట్టు ఉందని వివరించింది.

"మరలెట్టించుకుంతే సుట్ట కాల్సొచ్చా?"

"అస్సలు కుదరదు. ఎముక పట్టదు."

"అలగైతే సెట్టే ఎట్టీయమ్మా."

"సెట్టయినా మానాలి. ఒప్పుకుంటేనే చేస్తాను."

"మానీస్తాను తల్లీ, నీ మీదొట్టు."

అలా ఒక అబద్ధపు ఒట్టు మీద నేను పుట్టాను. ఆమె నోటి అచ్చు తీశారు, మైనంలో నన్ను నిలబెట్టారు, ఉడకబెట్టారు, అరగదీసి మెరుగుపెట్టారు. రోజూ మెత్తని బ్రష్షుతో కడగమని, పడుకునేముందు తీసి నీళ్ళలో వేయమని, మూడు నెలలకోసారి వచ్చి అంగిలి చూపించమని డాక్టరు రెండుసార్లు చెప్పింది. ఎర్రమ్మ రెండుసార్లూ తల ఊపింది. ఆ ఊపుడు అప్పుడే నాకు నచ్చలేదు.

మొదటి వారం నన్ను తీసి కొంగున కట్టుకుని చుట్ట కాల్చింది. ఒకరోజు మరిచిపోయి నాతోనే కాల్చింది. నా నున్నని పలక బొబ్బలెక్కింది. ఆమె మాత్రం కళ్ళు పెద్దవి చేసి చెల్లెల్ని పిలిచింది.

"ఓలె దానమ్మా! ఈ పళ్ళేసుకుంతే నోరు కాలట్లేదే!"

"నిజవే అప్పా?"

"ఒట్టు. అంగిటికి మూతెట్టినట్టుంది. డాక్టరమ్మకి తెలీదు గానీ, ఇది సుట్ట కోసవే సేసినట్టుంది."

డాక్టరు చదివిన చదువంతా ఆ ఒక్కమాటతో చెల్లిపోయింది. రోజుకు ఆరు చుట్టలు పదయ్యాయి. నన్ను తీయడమే మానేసింది. తీసిన ఒకటి రెండుసార్లు చేపలగిన్నె తోమే బూడిదతోనే తోమింది. నిప్పు నన్ను కాల్చేది, వేడీ పొగా నా వెనక అంచు దాటి ఆమెను కాల్చేవి. నా చాటున అంగిలి మీది మచ్చ గరుకెక్కింది, తర్వాత పగిలింది, తర్వాత మెత్తబడింది. ఆ చాటున ఏం జరుగుతోందో నాకొక్కదానికే తెలుసు. నన్ను తీసి అద్దంలో ఒక్కసారి చూసుకుంటే చాలు, ఆమె బతుకు మిగిలేది. చూసుకోలేదు. నాకు జాలి కలిగిందా అంటే, లేదు. కోపమొచ్చింది.

నొప్పి మొదలయ్యాక నేరం నామీద పడింది. సెట్టు ఒరుసుకుంటోందన్నారు. పడవలు బాగుచేసే ఆమె మొగుడు బైరాగి ఆకురాయి తెచ్చి, "ఇదెంత పని" అంటూ నా అంచులు అరగదీశాడు. నేను వదులయ్యాను, పుండు పెరిగింది. లవంగం నూరి పెట్టారు, ఉప్పునీళ్ళు పుక్కిలించారు. పట్నం వెళ్దామంటే చేపల రోజులన్నారు, అవి అయ్యాక అమ్మవారి పండగన్నారు. అలా ఏడాదిన్నర గడిచింది.

చివరికి పట్నం వెళ్తే, డాక్టరు నన్ను బయటికి తీసి స్టీలు గిన్నెలో పడేసి, ఆమె అంగిలి చూసి, నోటి మాస్కు సర్దుకుంది. తిట్టలేదు. అప్పుడే ఎర్రమ్మకు భయం వేసింది.

విశాఖలో ఆపరేషను చేసి పై దవడ ఒక పక్కంతా తీసేశారు. ఇప్పుడు ఆమె అంగిట్లో గుడ్డు పట్టేంత రంధ్రం. ఆ రంధ్రం మూసే కొత్తరకం సెట్టు చేస్తారట, పుండు మానాక. అందాకా తాగిన గంజి ముక్కులోంచి వస్తుంది. సంత చివరిదాకా వినబడే గొంతు ఇప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా అర్థం కాని ముక్కుమూలుగు. సంతలో ఆమె గంప దగ్గర దానమ్మ కూర్చుంటోంది.

నేను నిలబడడానికి ఆమె నోట్లో గోడ లేదు. గూట్లో పడేశారు. నిన్న మధ్యాహ్నం దానమ్మ నన్ను తీసి కొంగుతో తుడిచింది. ఆమెకూ పైపళ్ళు లేవు.

"నీకింక పనికిరాదు గదా అప్పా. ఒక తల్లి కడుపున పుట్టినోలం, నాకు సరిపోద్ది" అంటూ నన్ను నోట్లోకి తోసుకుంది. కాస్త వదులుగానే అయినా కూర్చున్నాను.

తర్వాత చుట్ట వెలిగించింది.

ఎర్రమ్మ మంచం మీంచి లేచింది. ముక్కులోంచి ఏదో అరిచింది. చుట్ట లాక్కోబోతే దానమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, "నామీద కుళ్ళేటి అప్పా?" అని నవ్వింది. అప్పుడు ఎర్రమ్మ చెల్లెలి ముందు కూలబడి, మొహానికున్న గుడ్డ తీసి, నోరు తెరిచింది. దవడ ఎంత తెరుచుకుంటే అంత తెరిచి, ఆ రంధ్రాన్ని వెలుతురుకు పెట్టింది. ఏడాదిన్నరగా నేను చెప్పలేనిది ఆమె చెప్పింది.

దానమ్మ మొహం తిప్పుకుంది. "మూసీయప్పా, సూల్లేను" అంది. చూసింది మరవడానికే కాబోలు, నిప్పున్న కొస లోపలికి తిప్పి పెదాలు మూసింది.

వేడి నా పాత బొబ్బల మీదికి పాకింది. పైన ఈ కొత్త అంగిలి ఒకచోట నా వీపుకు గరుకుగా తగిలింది. ఆ గరుకు నాకు తెలుసు.