పురుగుల సంగతి

మా వదినతో నడకకు వెళ్ళడం కంటే నత్తతో పందెం వేసుకోవడం మేలు. నత్త కనీసం దారిలో ఆగి ఇంకో నత్తను చూపించదు. పెళ్ళయిన కొత్తలోనే మా అన్నయ్య చేతులెత్తేశాడు. అప్పటి నుంచి ఆమె వెంట తోటలో తిరిగే పని ఆడపడుచునైన నా నెత్తిన పడింది. నాకు కళ్ళజోళ్ళ షాపు ఉంది. పొద్దస్తమానం చూపు ఆననివాళ్ళతో వేగి ఇంటికొస్తే, అన్నీ కనబడే మనిషి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది.

మా అపార్ట్‌మెంటు వెనక గోడవారగా ఒక తోట ఉంది. తోట అనేది వదిన మాట. కమిటీ కాగితాల్లో దాని పేరు 'వెనక ఖాళీ స్థలం'. ఒక నిమ్మచెట్టు, ఎప్పుడో గాలివానకు కూలిపోతే ఎవరూ తీయని మొద్దు, మోకాలెత్తు గడ్డి, పేరు తెలియని తీగలూ, అంతే. వదిన స్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. సాయంత్రం ఆ గడ్డిలో గొంతుక్కూర్చుంటే ఆమెకు ప్రపంచం అక్కర్లేదు. నిమ్మాకు మీద పిట్ట రెట్టలా ఉండేది రెట్ట కాదట, గొంగళి పురుగట. పిట్టలు తినకుండా ఆ వేషం వేసిందట. ప్రాణం దక్కించుకోవడానికి అంత సిగ్గు వదిలేసినవాళ్ళను నేను మనుషుల్లోనే చూశాను. ఆ మాట అంటే వదినకు కోపం వచ్చింది, పురుగు తరఫున.

ఈ వేసవిలో కమిటీ ఆ స్థలంలో సిమెంటు పలకలు పరిచి కార్లు పెట్టుకుందామని తీర్మానం చేయబోయింది. వదినకు తిండి సయించలేదు. తిన్నగా ప్రెసిడెంటు ఇంటికే వెళ్ళింది. ఆయన పళ్ళ డాక్టరు. కొత్తగా పడవంత కారు కొన్నాడు, అది రోడ్డు మీద ఎండుతోందని ఆయన బెంగ. అయినా పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

"అక్కడ అన్ని ప్రాణులున్నాయంటున్నారుగా మేడం, ఆదివారం పొద్దున అందరికీ చూపించండి. చూశాకే చేతులెత్తిద్దాం. ప్రాణం ఉన్నచోట సిమెంటు పోయడానికి మేమేం రాక్షసులమా?"

అంటే ఆ తోట బతుకు ఆదివారం నడక మీద ఆధారపడిందన్నమాట. వదిన ఇంటికొచ్చి, అందంగా చెయ్యి తిరిగిన అక్షరాలతో ఒక నోటీసు రాసి, లిఫ్టు పక్కన అంటించింది. 'ఆదివారం ఉదయం మన వెనక తోటలో పురుగుల సంగతి చూద్దాం. పెద్దలూ పిల్లలూ అందరూ రండి.' ఇంత తేలిక తెలుగులో ఆ గోడ మీద ఇంతకు ముందు ఏదీ పడలేదు. అక్కడ పడేవన్నీ సెక్రటరీ గారి సర్క్యులర్లే. లిఫ్టులో ఉమ్మరాదు, తడిబట్టలు రెయిలింగు మీద ఆరవేయరాదు, మధ్యాహ్నం మేకులు కొట్టరాదు. అందరూ ఆయన్ని సర్క్యులర్ గారనే పిలుస్తారు. ఆయనా పలుకుతాడు.

శనివారం వదిన పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్ళింది. నేను షాపులో ఉన్నాను. సాయంత్రం వచ్చేసరికి మెట్ల దగ్గర ఏదో ఘాటు వాసన కొట్టింది. ఎవరో తలుపులకు రంగు వేయించుకుంటున్నారనుకున్నాను. వదిన కోసం షాపు నుంచి తెచ్చిన భూతద్దాలను తుడిచి సంచిలో పెట్టాను. ఆమె పరీక్షకు పోయే పిల్లలా రేపు ముందు ఏది చూపించాలో, తరవాత ఏది చూపించాలో వల్లె వేసుకుంటూ కూర్చుంది.

ఆదివారం జనం బాగానే వచ్చారు. అడవికి పోతున్నట్టు టోపీలు, నిండు చేతుల చొక్కాలు, మేజోళ్ళు. ఒకావిడ ఇంటిల్లిపాదికీ దోమలు కుట్టకుండా క్రీము పూసుకొచ్చింది. మా అన్నయ్య కూడా వచ్చాడు. పెళ్ళాం గెలవాలని కాదు, పెళ్ళాం ఓడితే ఇంట్లో ఉండటం కష్టమని.

వదిన ముందు నిమ్మకొమ్మ వంచింది. ఆకు మీద గొంగళి పురుగు ఉంది. వేలితో అలా తాకేసరికి రాలి కింద పడింది. ఇంకో ఆకు తిప్పింది, అదీ రాలింది. గడ్డిపరక మీద గొల్లభామ ఒక్క కాలితో వేలాడుతోంది. మొద్దు దగ్గర కుమ్మరి పురుగులు కాళ్ళు ముడుచుకుని వెల్లకిలా పడున్నాయి. చీమలు మాత్రం బారుగానే ఉన్నాయి, కదలడం లేదు. వదిన నా వైపు చూసింది. నిన్నటి వాసన ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

అంతలో సర్క్యులర్ గారు చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "ఎలా ఉంది మేడం? ఒక్కటంటే ఒక్కటి లేదు చూడండి. నిన్ననే మనుషుల్ని పిలిపించి మందు కొట్టించాను."

"మందా? ఎందుకండీ?" అంది వదిన. గొంతు ఆమెది కాదు.

"అదేంటి మేడం, మీరేగా నోటీసు పెట్టారు, పురుగుల సంగతి చూద్దామని. చూసేశాం. ఆదివారం పూట మీకు శ్రమ దేనికని ఒకరోజు ముందే కానిచ్చాను. ఇన్నాళ్ళకు మేడం మన దారికొచ్చారని ప్రెసిడెంటు గారితో కూడా అన్నాను."

ఆయన ముఖంలో కల్మషం లేదు. పొగుడుతారేమోనని ఎదురుచూస్తున్నాడు. పక్కింటి కుర్రాడు బంతి మన కిటికీకి కొడితే 'వాడి సంగతి చూస్తాను' అంటామే, పాపం ఆయన అలాగే చదువుకున్నాడు. ఆయన తెలుగు ఆయనది, మా వదిన తెలుగు మా వదినది. మధ్యలో పోయినవి పురుగులు.

నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోతే వదిన నా మోచెయ్యి నొక్కింది. "వచ్చాం కదా, చూపించండి మేడం" అన్నారు ఎవరో. ఆమె చూపించింది. చచ్చినవాటినే ఒక్కొక్కటీ ఆకు మీదికి తీసుకుని, ఇది ఏం తినేది, ఎక్కడ గుడ్లు పెట్టేది, రెక్కలు ఎలా మడిచేది, అన్నీ చెప్పింది. స్కూల్లో పాఠం చెప్పినట్టు చెప్పింది గానీ, ప్రతి దాన్నీ మళ్ళీ తీసినచోటే పెట్టింది.

జనానికి ఎంత నచ్చిందో చెప్పలేను. కదలవు, కుట్టవు, మీదికి ఎగరవు. ఫొటోలకు ఓపిగ్గా ఉంటాయి. "ఇలా అయితే హాయిగా చూడొచ్చండీ" అన్నాడొకాయన. "మన వెనకాలే ఇన్ని రకాలున్నాయా, అయ్యో" అంటూ క్రీము పూసుకున్నావిడ ఒక తూనీగ రెక్క తెంపి చెవి దగ్గర పెట్టుకుని, ఇలాంటి జూకాలు దొరుకుతాయా అని పక్కావిడను అడిగింది. ఎద్దు పుండు కాకికి ముద్దా? పిల్లలు గుప్పెళ్ళతో ఏరుతుంటే వదిన కంగారుపడింది.

"ముట్టుకోనివ్వకండి, వాటి నిండా మందుంది" అంది.

"ఇంటికెళ్ళాక సబ్బుతో కడుగుతాం లెండి" అన్నారు తల్లులు.

ఆఖర్న ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. "మేడం ఎంత బాగా వివరించారంటే, నాకు మనసు కదిలిపోయింది. కానీ మాటంటే మాటే కదా. ప్రాణులుంటే ఆలోచిద్దామనుకున్నాం." చుట్టూ ఒకసారి కలయజూశాడు. "ప్రస్తుతానికైతే ఏమీ లేవు. కాబట్టి పార్కింగుకు ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేచాయి. తూనీగ రెక్క పట్టుకున్న చెయ్యి కూడా లేచింది. మా అన్నయ్య చెయ్యి సగం దాకా లేచి, వదిన ముఖం కంటబడేసరికి తల గోక్కుంది.

మా వదిన అబద్ధమాడగా నేను ఎప్పుడూ వినలేదు. చీర బాగుందా అని అడిగితే బాగాలేదని ముఖం మీదే చెప్పే మనిషి. ఆ మనిషి కొంగుతో చేతులు తుడుచుకుని, చాలా మెల్లగా అంది.

"కార్లు ఇక్కడే పెడతారా? అయితే కాస్త చూసుకోండి మరి. ఈ మందు నేలలోకి దిగి, ఎండకు ఆవిరై పైకి లేస్తుంది. ఆ ఆవిరి తగిలితే బండి రంగు పొక్కిపోతుంది. మా స్కూల్లో ఒకరి కారు అలాగే పాడైంది. నేలను తవ్వితే మరీ ప్రమాదమట. ఏళ్ళ తరబడి పోదట."

లేచిన చేతులు లేచినట్టే ఆగాయి. పురుగులు చచ్చాయంటే అయ్యో అన్నవాళ్ళు, పిల్లల చేతులకు మందంటిందంటే సబ్బుందిలే అన్నవాళ్ళు, కారు రంగు అనేసరికి ఊపిరి బిగబట్టారు. ప్రెసిడెంటు రెండడుగులు వెనక్కి వేశాడు, తన చెప్పులకే ఏదో అంటినట్టు.

"కనుక్కోవయ్యా" అన్నాడు సర్క్యులర్ గారితో.

ఆయన మందు కొట్టినవాళ్ళకు ఫోను కలిపి, అందరూ వినేలా పెట్టాడు. "ఏవయ్యా, మీ మందు వల్ల కార్ల రంగు పోతుందా?"

అవతలి మనిషి కాసేపు ఆలోచించాడు. "దానికి మేం బాధ్యులం కాదండి" అన్నాడు.

అంతే. పోతుందన్నా కొందరు నమ్మేవారు కాదు, పోదన్నా కొందరు నమ్మేవారు కాదు. బాధ్యత లేదన్నాక మాత్రం నమ్మనివాడు లేడు. మధ్యాహ్నానికల్లా తోట చుట్టూ తాడు కట్టారు. సర్క్యులర్ గారు ఎర్ర అక్షరాలతో బోర్డు పెట్టాడు. 'విషం. లోపల తవ్వరాదు, బండ్లు నిలపరాదు, అడుగు పెట్టరాదు. ఎవరికీ మినహాయింపు లేదు.'

ఇంట్లోకి రాగానే నేను పొట్ట పట్టుకుని నవ్వాను. "ఏం కొట్టావు వదినా దెబ్బ" అని తిరిగి చూస్తే ఆమె సోఫా అంచున కూర్చుని ఏడుస్తోంది.

"తోట మిగిలింది కదా" అన్నాను.

"తోట మిగిలింది. అందులోవాళ్ళందరూ పోయారు."

"మళ్ళీ వస్తాయా?"

"వస్తాయి. అక్కడ మనుషులు లేరని తెలిస్తే వస్తాయి" అని ముక్కు చీదుకుంది. "ఇక నేనూ వెళ్ళకూడదుగా. నేను లోపల కనబడితే మందూ లేదు గిందూ లేదని మర్నాడే పలకలు దింపుతారు."

నా నవ్వు ఎటు పోయిందో. నాకు అంతవరకు ఆ ఆలోచనే తట్టలేదు. ఈ తాడు అందరికీ కట్టిన తాడే, కానీ దాని అవతల ఏమైనా పోగొట్టుకున్నది ఈమె ఒక్కతే.

ఆ తరవాత మా సాయంత్రపు నడక తాడు దాకా వెళ్ళి వెనక్కి రావడంగా మారింది. అక్కడి నుంచి చూస్తే నిమ్మచెట్టు నిమ్మచెట్టులాగే కనబడుతుంది, దాని మీద ఏమున్నదీ తెలియదు. వదిన అలాగే చాలాసేపు నిలబడేది. నేను తొందరపెట్టడం మానేశాను.

వేసవి చివర్లో ఒక సాయంత్రం ఆమె ఉన్నట్టుండి నా మణికట్టు పట్టుకుంది. నిమ్మచెట్టు కింది కొమ్మల్లో నల్లటి రెక్కల మీద పసుపు మచ్చలున్న సీతాకోకచిలుక ఒకటి ఆకు మీద వాలి, లేచి, ఇంకో ఆకు మీద వాలుతోంది. గుడ్లు పెట్టడానికి ఆకులు వెతుక్కుంటోందని వదిన చెప్పలేదు. ఇన్నేళ్ళు ఆమె పక్కన నడిచినందుకు నాకు తెలిసింది.

"మేడం, కాస్త ఇవతలికి." వెనక నుంచి సర్క్యులర్ గారు. "మీరే ఇంత దగ్గరగా వస్తే మిగతావాళ్ళకు నేనేం చెప్పను?" అంతలో ఆయన కూడా కళ్ళు చికిలించాడు. "అదేంటది, అక్కడ కదులుతోంది? పురుగులు మళ్ళీ తయారవుతున్నాయా ఏంటి?"

చీమ గుడ్డు మోసుకుపోతుంటే వీధిలో పోయే పోస్టుమాన్‌ను ఆపి చూపించే మనిషి మా వదిన.

"ఏమీ లేదండి. ఎండుటాకు" అంది.

"నిజమా?"

"గాలికి ఊగుతోంది అంతే. పదండి, ఇక్కడ ఎక్కువసేపు నిలబడకూడదు."

నేను తిరిగి చూశాను. వదిన మాత్రం ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ఈ ఏడు ఎండలు ఎంత మండిపోయాయో మాట్లాడుతూ, ఆయన్ని తన వెంట లోపలికి తీసుకెళ్ళిపోయింది.