పొయ్యికొకరు

డెబ్బై నాలుగు వేసవిలో బిచ్యా తండా పస్తులుండటానికి వాన లేకపోవటం ఒక్కటే కారణం కాదు. ఎక్కడో సముద్రాల అవతల చమురు ధర పెరిగింది. దాంతో లారీలకు డీజిల్ కరువైంది. లారీలు కదలక ములకలపల్లి అడవిలో నరికిన కలప నరికినచోటే పడి ఉంది. కాంట్రాక్టరు చెట్లు నరికించే కూపు మూసేసి ఖమ్మం వెళ్లిపోయాడు. చెట్లు కొట్టి బతికే తండాకు ఈ గొలుసులో చివరి కొక్కెం మాత్రమే కనబడింది: పని లేదు.

అలాంటి రోజులకు తండాకు తనదైన కట్టుబాటు ఒకటుంది. నాయకుడు బిచ్యా మాట చెప్పగానే ఎవరి పొయ్యి వాళ్లు ఆర్పేసి, చాటుగా వండుకునే వీలు లేకుండా దానిమీద ఎర్రమట్టి మెత్తేస్తారు. ఉన్న జొన్నలూ, ఏరుకొచ్చిన ఇప్పపువ్వూ, అడవిలో తవ్విన గడ్డలూ నాయకుడి వాకిట్లో ఒకే కాగులో ఉడుకుతాయి. గరిటె కమ్లి చేతిలో ఉండేది. మొగుడు పోయాక కూపులో మగవాళ్లతో సమానంగా మొద్దులు దొర్లించిన మనిషి. ఆమె పంపకానికి ఎదురు చెప్పేవారు లేరు. తెచ్చినవారికీ తేలేనివారికీ అదే గరిటె. అందుకే చూపు పోయి, నా అన్నవారు లేని ముసలి బాలి కూడా అందరితోపాటు తినేది. తింటూ వంకలు పెట్టేది.

"ఇయ్యాల ఉప్పు మర్చినవా, లేకుంటే నా వంతు ఉప్పు గూడ నువ్వే తిన్నవా?"

"తిను యాడీ. నోరు ఖాళీగుంటే నీకు మాటలెక్కువైతయ్," అనేది కమ్లి, అమ్మ వరస పెట్టి పిలుస్తూనే.

ఆ వేసవి నడుమ ప్రభుత్వం మేలుకుంది. ములకలపల్లి రోడ్డుకు కంకర కొట్టే పని తెరిచింది. కూలికి గింజలిస్తారు. పొయ్యికొకరికి పని. పొయ్యిలు లెక్కపెట్టటానికి చెంచురామయ్య అనే గుమాస్తా వచ్చాడు. మధిర వైపువాడు, చెడ్డవాడు కాదు. నియమం అవతలికి చూడటం అలవాటు లేనివాడు. ప్రతి గుడిసెలోకీ తొంగిచూసి, మట్టి మెత్తిన పొయ్యిలన్నీ దాటుకుని వచ్చి నాయకుడి వాకిట నిలబడ్డాడు.

"ఒకటే పొయ్యి. ఒకరికే పని."

"ఇండ్లు కండ్లకు ఆనుతలేవా సారూ?" అంది కమ్లి.

"ఇళ్లు కాదమ్మా, పొయ్యిలు. సత్తుపల్లి వైపు ఆసాములు ఒక్క ఇంటినే మూడిళ్లని చెప్పారు. అందుకని పైనుంచి ఈ షరతు పెట్టారు. కలిసి తినేవాళ్లంతా ఒకే కుటుంబం."

"ఆళ్లు అబద్ధమాడితే మాకెందుకు శిక్ష? మేం గింజల్లేక కలిసి తింటున్నం."

"విడిగా వండుకోండి. సంతనాడు మళ్లీ వస్తాను."

సంతనాటికి మట్టి గీకి అందరూ పొయ్యిలు రాజేశారు. గింజలు ఇంటింటికీ వేరుగా వచ్చాయి. వేరుగా వచ్చినవి వేరుగానే ఉడికాయి. ఒక మనిషి కూలి ఒక ఇంటికే చాలనప్పుడు పెట్టే చెయ్యి ముడుచుకుపోవటంలో వింత లేదు. తినే వేళకు తడికలు మూసుకోవటం ఆ తండాలో అప్పుడే మొదలైంది. కంకర కొట్టే చూపు బాలికి లేదు. పని చేయలేనివారికి పథకంలో చోటు లేదు.

కమ్లి తన పళ్లెంలో సగం బాలికి పెట్టసాగింది. సగం కడుపుతో ఎంత కొట్టినా ఆమె కంకర కుప్ప పెరగలేదు. పక్క గుడిసెలోని మంగ్లిని అడిగింది.

"ముసల్దానికి ఇంత జొన్న గటక పెట్టు, మంగ్లీ."

"పెడితే నా పిల్లలది పెట్టాలె, వదినా. నీ గరిటె కాలం పోయింది," అంది మంగ్లి, తలెత్తకుండా.

మంగ్లి మీద లేచిన కోపం గడప దాటేలోగా దారి మార్చుకుంది. నెల కిందట తన మేక పాలు బాలికి పోసింది ఈ మంగ్లే. ఆమె మారలేదు. ఆమె పొయ్యిని లెక్కపెట్టారు, అంతే.

మర్నాడు కమ్లి బాలిని చెయ్యి పట్టి రోడ్డు పని దగ్గరికి నడిపించింది. మధ్యాహ్నం టార్పాలిన్ నీడలో చెంచురామయ్య క్యారియర్ విప్పుతుంటే, తీసుకెళ్లి ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఎవరీమె?"

"నువ్వే చెప్పాలె సారూ. కలిసి తినేటోళ్లే కుటుంబమంటివి. ఈమెతోని కలిసి తినే పొయ్యి తండల లేకుంట జేసినవ్. గిప్పుడు ఈమె మాకేం గాదు. సర్కారు మనిషి. సర్కారే పెట్టాలె."

"రూలు నేను రాయలేదమ్మా."

"గరిటె గూడ నేను జెయ్యలే. నా చేతిల ఉన్నది గావట్టి పంచిన."

బాలి ముక్కు ఎగబీల్చింది. "పప్పుల మామిడికాయ ఏసిన్రు. మీ ఇంటామె చేతివంట మంచిగుంటది కొడుకా. జల్దీ పెట్టు."

చుట్టూ సుత్తులు ఆగాయి. ఎవరూ నవ్వలేదు. అందరి చూపులూ తనమీదే ఉండగా చెంచురామయ్య క్యారియర్ మూతలో అన్నం పెట్టి ముందుకు జరిపాడు. బాలి తినసాగింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"రేపు మళ్లీ ఈమెను తీసుకొస్తే నీ పని తీసేస్తాను."

"తీసెయ్ సారూ," అంది కమ్లి. "అప్పుడు తినేటందుకు ఇద్దరం వస్తం."

సుత్తి అందుకుని తన కంకర కుప్ప వైపు నడిచింది. వెనక బాలి మజ్జిగ అడుగుతోంది.