మూడో నంబరు వైసు

శనివారం పొద్దున క్లేర్‌వుడ్‌లో బేసిల్ తన స్క్రాప్ యార్డు గేటు తీసీ తీయగానే కిస్టెన్ లోపలికి దూరి, వెనక గోడవారనున్న గుట్ట దగ్గర గొంతుక్కూర్చున్నాడు. విరిగిన గేట్లు, పళ్ళూడిన పుల్లీలు, లారీ స్ప్రింగు పట్టీలు ఒక్కొక్కటే పక్కకు జరుపుతున్నాడు. కుడిచేతి తోలు గ్లవ్ తీసి జేబులో కుక్కుకున్నాడు. ఇనుములో మంచీచెడూ అరచేతికే తెలుస్తుందని అతని నమ్మకం.

అరవై ఒక్కేళ్ళ మనిషి. పొట్టి. నలభై ఏళ్ళు మెషిన్ల మీదికి వంగి పనిచేసిన వీపు ఆ వంపులోనే గట్టిపడిపోయింది. గోళ్ళ అంచుల్లో నలుపు ఎంత సబ్బు పెట్టి రుద్దినా పోదు. గడ్డం మాత్రం రోజూ గీసుకుంటాడు, ఎక్కడికైనా వెళ్ళేదున్నా లేకున్నా.

గుట్ట అడుగున ఒక బరువైన మూల చేతికి తగిలింది. ఊపి ఊపి లాగాడు. వైసు. డ్రిల్లింగ్ మెషిన్ బల్లకు బోల్టులతో బిగించి, బెజ్జం వేయాల్సిన ముక్కను రెండు దవడల మధ్య కదలకుండా పట్టుకునేది. రిటైరైన ఈ మూడేళ్ళలో కిస్టెన్ ఇలాంటివి పదకొండు ఏరి తెచ్చాడు. పారఫిన్‌లో నానబెట్టి, పట్టేసిన స్క్రూ వదిలించి, అరిగిన దవడలు సమంగా రాకి, కొత్తదానిలా చేసి ఏ చిన్న గారేజీవాడికో ఇచ్చేవాడు. అది అతని సరదా అని భార్య వల్లీతో చెప్పాడు. ఆమె నమ్మింది. అతనూ దాదాపు నమ్మాడు.

"ఇంకో పేషెంటు దొరికిందా అంకుల్?" బేసిల్ ఇంగ్లీషులో కేకేశాడు. ఆఫీసు గదిలో రేడియో గట్టిగా మోగుతోంది. మంగళవారం ప్రిటోరియాలో కొత్త ప్రెసిడెంటు ప్రమాణం చేస్తాడు, ఎవరెవరు ఏయే దేశాలనుంచి వస్తున్నారో చదువుతున్నారు.

కిస్టెన్ బొటనవేలితో వైసు పక్కనున్న మట్టి గీకుతున్నాడు. మట్టి కింద బూడిదరంగు పెయింటు, ఆ పెయింటు కింద గుంటపడిన ఒక అంకె. 3. తలకిందులుగా కొట్టిన 3.

అతను గుట్ట పక్కనే నేలమీద చతికిలబడ్డాడు.

"బాగానే ఉన్నావా అంకుల్?"

"బాగానే. కాలు తిమ్మిరెక్కింది, అంతే."

ఆ అంకె కొట్టినవాడు దేవన్, వల్లీకి అన్న. ముప్ఫై ఏళ్ళ కిందట, జాకబ్స్‌లోని పంపుల వర్క్‌షాపులో వాళ్ళిద్దరూ పక్కపక్కనే పనిచేసేరోజుల్లో, సామాన్లన్నిటికీ నంబర్లు వేయమంటే దేవన్ వైసును తిరగేసి పట్టుకుని సుత్తి దెబ్బ వేశాడు. రెండ్రోజులు నవ్వుకున్నారు. దేవనే తన తండ్రితో మాట్లాడి చెల్లెల్ని కిస్టెన్‌కి ఇప్పించాడు. ఇద్దరూ ఒకర్నొకరు బావా అనే పిలుచుకునేవారు. కాగితం మీద ఇద్దరూ హెల్పర్లే. ఫిట్టరన్న పేరు తెల్లవాళ్ళకే ఇచ్చేవారు. పని నేర్పింది వీళ్ళు, నేర్చుకుని వీళ్ళమీద లానీలై, అంటే దొరలై, కూర్చున్నది ఆ తెల్ల కుర్రాళ్ళు. దానికీ నవ్వుకునేవారు, బయటికి వినబడకుండా.

డెబ్బై రెండులో ఒక బుధవారం, పొద్దున కిస్టెన్ బిగించిన మూడో నంబరు వైసు మధ్యాహ్నం దేవన్ డ్రిల్ వేస్తుండగా బల్లమీంచి ఊడి గిర్రున తిరిగింది. దేవన్ ఎడమచేతి మూడు వేళ్ళు పోయాయి. కిస్టెన్ తన చొక్కా విప్పి ఆ చేతికి చుట్టి, లారీలో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి బల్లమీద వైసు లేదు. ఫోర్‌మన్ చేతిలో ఊడొచ్చిన బోల్టు ఉంది.

"ఇది బిగించావా?"

"బిగించాననే అనుకుంటున్నా, సార్."

"అనుకుంటున్నావా?"

జీవితంలో కొన్ని వేల బోల్టులు బిగించినవాడికి ఒక్క బోల్టు సంగతి ఎలా గుర్తుంటుంది? ఆ రోజు పొద్దున తన చెయ్యి స్పానర్‌ను చివరిదాకా తిప్పిందో లేదో ఎంత తలుచుకున్నా కిస్టెన్‌కి గుర్తురాలేదు. తలుచుకున్నకొద్దీ తిప్పనట్టే అనిపించసాగింది. నెల తిరక్కుండానే, తిప్పలేదని ఖాయమైపోయింది. దేవన్‌కి స్టోరు గదిలో ఉద్యోగమిచ్చారు. ఆ తర్వాత బావా అన్న పిలుపు నిలిచిపోయింది. పెళ్ళిళ్ళలో ఒకరు పందిరికి ఈ కొసన కూర్చుంటే మరొకరు ఆ కొసన. మధ్యలో వల్లీ, ఇద్దరికీ విస్తట్లో వడ్డిస్తూ.

ఇరవై రెండేళ్ళు.

బక్కీ వ్యాను వెనక తొట్టిలో గోనెపట్టా పరిచి, వైసును పడుకోబెట్టి, చాట్స్‌వర్త్‌లో ఇంటికి చేరేసరికి వల్లీ వంటింటి గుమ్మంలో టిన్ను మూత తీస్తోంది.

"మల్లీ ఇనుమా? దేవుడా! మల్లీ నా టవల్ తీసినావంటే సంపేస్తాను."

"ఏటి కూర?"

"ఏటుంటాది? టిన్‌ఫిషే. ఇంక ఇరవై ఆరు టిన్నులుండె మంచం కింద. యుద్దం ఒస్తాదని నువ్వే కొన్నావు, నువ్వే తిను."

ఏప్రిల్‌లో ఊరంతా అలాగే కొంది. తెల్లా నల్లా అందరూ తొలిసారి కలిసి ఓటేసేనాడు వీధుల్లో రక్తం పారుతుందని, నెల్లాళ్ళు గడప దాటలేమని. కొవ్వొత్తులు, పిండి, చేపల టిన్నులు. తీరా చూస్తే స్కూలు ముందు ఆరు గంటలు క్యూలో నిలబడ్డారు. ముందున్న జూలూ ముసలామె వల్లీ మడతకుర్చీలో కాసేపు కూర్చుంది, తన నారింజపండు ఒలిచి సగం ఇచ్చింది. అంతే. ఏమీ జరగలేదు. పదిరోజులైనా, ఏమీ జరగలేదన్న ఆ తేలిక ఇంకా ఇంట్లో వాసనలా తిరుగుతోంది. వల్లీ టిన్నుల్ని తిట్టడంలో కూడా అదే.

కిస్టెన్ గారేజీలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు. కాస్టిక్ సోడా నీళ్ళు కలిపి వైసును అందులో దించాడు. ఎందుకు శుభ్రం చేస్తున్నాడో తెలియదు. పారేసి ఉండొచ్చు. గుట్టలోనే వదిలి ఉండొచ్చు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

గంట తర్వాత బూడిదరంగు పొరలు పొరలుగా ఉబ్బి లేచింది. బయటికి తీసి మంచినీళ్ళతో బాగా కడిగాడు. ఆ రంగు వేసింది డెబ్బై మూడులో, అతనికి బాగా గుర్తు. దాని కింద పచ్చరంగు. అతను పదిహేడేళ్ళప్పుడు ఆ వర్క్‌షాపు గడప తొక్కిన మొదటిరోజుకే అక్కడి మెషిన్లన్నీ పచ్చగా ఉన్నాయి, ఆ తర్వాత మళ్ళీ ఎవరూ పచ్చరంగు వేయలేదు. వైర్ బ్రష్‌తో అంచులు రుద్దుతూ, బోల్టు పట్టే చెవి దగ్గరికి వచ్చాడు.

అక్కడ పసుపుపచ్చగా ఏదో మెరిసింది.

కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఎండలోకి తెచ్చి చూశాడు. చెవి ఒకప్పుడు విరిగితే ఇత్తడితో అతికారు. అతుకు మీద అతుకు. పైది కొత్తది, దానిమీద బూడిదరంగు ఒక్కటే ఉంది. కిందిది పాతది, మధ్యకు చీలిపోయింది. ఆ పాత అతుకు మీద, చీలిక అంచుదాకా, పచ్చరంగు.

కిస్టెన్ గోటితో ఆ పచ్చరంగు గీకాడు. మళ్ళీ గీకాడు. రంగు కింద ఇత్తడే.

తను పనిలో చేరకముందే ఆ చెవి విరిగింది. ఎవరో అతికారు. కనబడకుండా రంగు వేశారు. ఇన్నేళ్ళు అందరూ ఆ అతుకుమీదే బోల్టులు బిగించారు. ఆ బుధవారం అది చీలిపోయింది. చెవి ఊడిపోతే ఎంత బిగించిన బోల్టయినా వదులుగానే దొర్లుతుంది. తను ఆస్పత్రిలో ఉన్నప్పుడు వైసును మాయం చేసి, మళ్ళీ అతికించి, మళ్ళీ రంగు వేశారు.

తిరగేసిన డ్రమ్ము మీద కూర్చున్నాడు. ఏడుపొస్తుందేమో అనుకున్నాడు, రాలేదు. నోరు తెరుచుకుని గాలి పీలుస్తుంటే, ఊపిరి ఎప్పుడూ ఆగిపోయేచోట ఆగకుండా ఇంకా కిందికి, పొట్టదాకా దిగింది.

అన్నానికి పిలవడానికొచ్చిన వల్లీ అతని మొహం చూసి గాభరా పడింది. అతను వేలుపెట్టి చూపించాడు. పచ్చరంగు, ఇత్తడి, చీలిక. ఆమెకి వైసుల సంగతి తెలియదు గానీ, మొగుడి గొంతు తెలుసు. కొంగుతో చేతులు తుడుచుకుని, ఆ తడి ఇనుముమీద అరచెయ్యి పెట్టింది.

"ఎల్లు," అంది. "అన్న కాడికెల్లు. ఇప్పుడే."

"తిన్నాక ఎల్తాను."

"టిన్‌ఫిష్ ఏటీ పారిపోదు. ఎల్లు."

కానీ అతను వెంటనే వెళ్ళలేదు. స్క్రూకు నూనె పట్టించాడు. దవడలు సుద్దరాసి రాకాడు, మచ్చలన్నీ పోయేదాకా. గట్టి చెవిని వదిలి, చీలిన చెవికి అడుగున మందపాటి ఉక్కు పట్టీ వేసి మరలతో బిగించాడు, ఇంకెప్పుడూ ఎవరి చేతిమీదికీ రాకుండా. పట్టీ పక్కనుంచి పాత అతుకు మాత్రం కనబడేలా ఉంచాడు. నాలుగు గంటలకు ఖర్వాస్తాన్ గుట్టెక్కి దేవన్ ఇంటిముందు బక్కీ ఆపాడు.

తలుపు తీసిన మ్యూరియెల్, దేవన్ భార్య, ఒక్క క్షణం గుర్తుపట్టనట్టు చూసింది. తర్వాత వెనక వరండాలోకి తీసుకెళ్ళింది. దేవన్ కుర్చీలో ఉన్నాడు. షుగర్ మనిషిని సగం చేసింది. ఎడమచెయ్యి అలవాటుగా దుప్పటి కింద.

కిస్టెన్ వైసును అతని ముందున్న బల్లమీద పెట్టాడు. వేలుపెట్టి చూపించాడు, వల్లీకి చూపించినట్టే.

దేవన్ చూశాడు. అతనూ ఇనుము తెలిసినవాడే, చెప్పాల్సిన పనిలేదు. వంగి, తలకిందులైన 3 మీద ఒక వేలు రాశాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఏటి తెలుసు?"

"చెవి సంగతి తెల్దు. బోల్టు సంగతి తెలుసు. ఆ రోజు డ్రిల్ స్టార్ట్ చేసేముందు నేనే స్పానర్ ఏసి సూసినాను. టైటే. కదల్లేదు." అతను 3 మీంచి వేలు తీశాడు. "ఆస్పిటల్‌కి లానీ ఒచ్చినాడు. కిస్టెన్ తప్పు ఒప్పుకున్నాడు, నువ్వూ సైన్ చెయ్యి, స్టోర్‌లో జాబ్ ఇస్తాను అన్నాడు. లేదంటే ఇంటికెల్లు అన్నాడు. ఒక చెయ్యి నాకు, నలుగురు పిల్లలు. సైన్ చేసినాను."

వరండా బయట ఎవరి ఇంట్లోనో ప్రెషర్ కుక్కర్ కూసింది.

"నీ మొకం ఎట్ల సూసేది, బావా? ప్రతి పెల్లిలో సూసేవాన్ని, నువ్వు సూడనప్పుడు."

కిస్టెన్ లేచి పెరటి చివరికి నడిచాడు. కంచె దగ్గర వీపు తిప్పి నిలబడ్డాడు. కింద చాట్స్‌వర్త్ ఇళ్ళ కప్పులు, దూరంగా సముద్రం, రేవులోకి వస్తున్న ఒక ఓడ. కోపం వస్తుందని ఎదురుచూశాడు. వచ్చింది, చెవులదాకా వేడిగా వచ్చింది. తన తప్పు కాదని తెలిసిన మనిషి గుట్ట మీదే ఉన్నాడు, పదిహేను నిమిషాల దూరంలో, ఇన్నేళ్ళూ. గుప్పిళ్ళు బిగుసుకున్నాయి. ఓడ కొంచెం కదిలేసరికి అవి వాటంతట అవే వదులయ్యాయి. సంతకం పెట్టిన ఆ కుడిచెయ్యి కూడా ఇన్నేళ్ళూ సుఖంగా నిద్రపోలేదు. దేవన్ మొహంలో ఇప్పుడే చూశాడు కదా. తన మొహంలో రోజూ గడ్డం గీసుకుంటూ చూసుకున్నదే అది.

తిరిగొచ్చేసరికి మ్యూరియెల్ టీ పెట్టి వెళ్ళింది. దేవన్ తల దించుకునే ఉన్నాడు.

"ఇది యాడ బిగించమంటావు?" అన్నాడు కిస్టెన్.

"ఏటి?"

"వైసు, బావా. నాకు ఇంట్లో చోటు లేదు. మంచం కింద టిన్‌ఫిష్."

దేవన్ తలెత్తాడు. ముందు ముక్కులోంచి ఒక శబ్దం వచ్చింది. తర్వాత భుజాలు కదిలాయి. ఇద్దరూ నవ్వారు, ఈసారి వీధిలోకి వినబడేలా. మ్యూరియెల్ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

బల్లకు రెండు బెజ్జాలు వేశారు. స్పానర్ దేవన్ చేతికిచ్చాడు కిస్టెన్. ఒంటిచేత్తో, పళ్ళు బిగబట్టి, దేవనే బిగించాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం కిస్టెన్ స్క్రాప్ యార్డుకు కాకుండా ఖర్వాస్తాన్ వెళ్ళేవాడు. ఇరవై రెండేళ్ళు ఆకురాయి పట్టని దేవన్ మళ్ళీ పట్టాడు. ఎడమచెయ్యి పట్టుకోలేనిదాన్ని వైసు పట్టుకునేది. మ్యూరియెల్ రొట్టెల పెనానికి కొత్త పిడి చేశాడు. వల్లీకి పకోడీలు దేవే గరిటె సరిచేసి పంపాడు. టీ తాగుతూ వాళ్ళు పాత లానీల నడకలు నడిచి చూపించుకునేవారు. బుధవారం సంగతి మళ్ళీ ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరం కనిపించలేదు.

ఆగస్టులో ఒక శనివారం కిస్టెన్ గుట్టెక్కేసరికి మ్యూరియెల్ గేటు దగ్గరే నిలబడి ఉంది. గేటు గొళ్ళెం ఊడిపోతే, గేటు తెరుచుకోకుండా చేత్తో పట్టుకుని ఉంది.

"టీ తాగి కుర్చీలో కన్ను మూసినాడు," అంది. "పడుకున్నాడనే అనుకున్నాను. నువ్వొచ్చేదాకా లేపొద్దు అనుకున్నాను, అన్నా."

కిస్టెన్ లోపలికి వెళ్ళి, బావ కాళ్ళమీది దుప్పటి సరిచేశాడు. ఎడమచెయ్యి దుప్పటి మీదే ఉంది, వెలుతురులో, ఎవరికీ దాచకుండా. దాన్ని తన రెండు చేతుల్లోకి తీసుకుని, వల్లీ వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.

వరండాలో బల్లమీద, వైసు దవడల మధ్య గేటుకోసం చేస్తున్న కొత్త గొళ్ళెం బిగించి ఉంది. ఒక అంచు నున్నగా తేలింది, రెండో అంచు ఇంకా గరుకుగానే ఉంది. దాని కింద రాలిన ఇనుప రజను తుప్పు పట్టకుండా ఇంకా మెరుస్తోంది.