అల్లుడుగారి బండిలో గరగర

మా ఇల్లు పైన, మా ఆయన దుకాణం కింద. బండ్లలో స్పీకర్లు బిగించడం ఆయన పని. కింద ఆయన బేస్ పరీక్షిస్తుంటే పైన అలమరలో నా గిన్నెలు అంగుళం అంగుళం జరుగుతూ అంచుదాకా వస్తాయి. ఇరవై ఏడేళ్లుగా ఇదే తంతు. ఆ దుకాణం ఎప్పుడు మూతపడుతుందా అని నేను కోరుకోని రోజు లేదు. ఆ మాట చాటుగా కాదు, ఆయన మొహం మీదే వెయ్యిసార్లు అన్నాను.

ఆ ఆదివారం కింద ఉన్నది మా అల్లుడుగారి బండి. చిన్న పికప్. ముందు రెండు సీట్లు, వాటి వెనక మనిషి పట్టీ పట్టని అరగది, అందులో రెండు మడత సీట్లు. ఆ ఇరుకులో బేస్ దంచే పెద్ద స్పీకర్లు, రెండు సబ్‌వూఫర్లు కావాలన్నది పెళ్లయ్యాక అల్లుడుగారు నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక. సాయంత్రం నాలుగింటికి వచ్చి బండి తీసుకెళ్తానన్నారు. మా ఆయన ఇల్లు పీకి పందిరేసినట్టు మూడు రోజులుగా ఆ బండిని విప్పి పోసుకుని కూర్చున్నారు. మడత సీట్ల కిందికి సరిగ్గా దూరేలా ప్లైవుడ్‌తో పల్చటి పెట్టెలు చేశారు. అల్లుడి దగ్గర మాట పోకూడదని ఆయన తాపత్రయం.

రెండింటికి టీ తీసుకుని దిగాను.

"ఇదిగో, ఆ టీ అక్కడ పెట్టి వెనక సీట్లో కూర్చో. మోకాళ్లకి జాగా చాలుతుందో లేదో చూడాలి" అన్నారు.

"మీరే కూర్చోకూడదూ?"

"నేను దూరితే మళ్లీ బండి కోసి తియ్యాలి."

నిజమే, ఆయన పొట్ట అలాంటిది. నేనే అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కుని కూర్చున్నాను. ఆయన పాట పెట్టారు. సీటు కింద నుంచి దెబ్బ లేచి నడుము మీదుగా మెడదాకా పాకింది. చెప్పొద్దూ, బాగానే ఉంది. కానీ ప్రతి దెబ్బకీ కిటికీ కింద ప్లాస్టిక్ పలకలో జోరీగ దూరినట్టు ఒకటే గరగర.

ఆయన తలుపు దగ్గర నిలబడి, కళ్లు మూసుకుని తల ఊపుతున్నారు. "చూశావా, ఎక్కడైనా గరగర ఉందా? కడిగిన ముత్యంలా ఉంది!"

వేళాకోళం అనుకున్నాను. కాదు, ఆ మొహంలో నిజమైన సంతోషం ఉంది.

"ఇక్కడ చెవులు చిల్లులు పడుతున్నాయి కదండీ."

"ఏదీ? లేదే. నీకు బేస్ అంటేనే పడదు. అందుకని అలా అనిపిస్తుంది."

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. వంటింట్లోంచి పిలిస్తే పలక్కపోవడం. అమ్మాయి ఫోన్ చేస్తే 'నీ ఫోన్ పాడైందే' అని నా చేతిలో పెట్టేయడం. తలుపు గంట మోగుతుంటే తాపీగా పేపరు తిప్పడం. నా మాట పెడచెవిన పెడుతున్నారని ఎన్నిసార్లు ఉడుక్కున్నానో! నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆయన చెయ్యి పట్టుకుని అదురుతున్న ఆ పలక మీద ఆనించాను. ఆయన మొహంలో రంగు పోయింది. పాట ఆపేసి ముందు సీట్లో కూలబడ్డారు.

"లావు చప్పుళ్లు బాగానే వినపడతాయి. సన్నవే పోయాయి, రెండు మూడేళ్లయింది. చెయ్యి ఆనించి నెట్టుకొస్తున్నా, ఇప్పుడు అదీ చాలట్లేదు. ఇదే ఆఖరి బండి. రేపటి నుంచి దుకాణం మూసేస్తాను. నువ్వు కోరుకున్నదేగా" అన్నారు.

నేను కోరుకున్నదే. అయినా మనసు చివుక్కుమంది. ఆ చప్పుడు లేని ఇంట్లో ఈ మనిషి పొద్దస్తమానం ఏం చేస్తారు? నేను మాత్రం ఎవరి మీద విసుక్కోను?

"రేపటి సంగతి రేపు. ముందు ఈ జోరీగ అంతు చూద్దాం. పాట పెట్టండి" అన్నాను.

ఆ మోతలో నేను కుడి అంటే ఆయన ఎడమ పట్టుకుంటున్నారు. ఇక లాభం లేదని భుజం మీద తట్టడం మొదలుపెట్టాను, కుడికైతే ఒకటి, ఎడమకైతే రెండు. పలక ఊడదీసి, లోపల ఫోమ్ టేపు అంటించి, విరిగిన క్లిప్పు మార్చారు. అక్కడ ఆగితే సీటు బెల్టు కొక్కెం అందుకుంది. దాని నోరు నొక్కితే పైన దీపం మూత. ఆయన వేళ్లు చూడకుండానే స్క్రూ ఎక్కడుందో అక్కడికి వెళ్లిపోతున్నాయి. నేనెప్పుడూ ఆయన పని చేస్తుండగా దగ్గర కూర్చుని చూడలేదు. ఎంత బాగా చేస్తారో!

ఒకసారి గట్టిగా తట్టానేమో, "పాత పగలన్నీ తీర్చుకుంటున్నావా?" అన్నారు.

నాలుగింటికి అల్లుడుగారు వచ్చారు. బండెక్కి, పాట పెట్టి, మోత పెంచి, తగ్గించి, మళ్లీ పెంచారు. "మామయ్యగారూ, ఎక్కడా ఇసుమంతైనా గరగర లేదు! చెవంటే మీదండీ చెవి!"

ఆ పొగడ్త ఆయన ఉంచుకుంటారనే అనుకున్నాను. ఉంచుకున్నా పల్లెత్తు మాట అనేదాన్ని కాదు.

"నా చెవి కాదు బాబూ. నాకు సన్న చప్పుళ్లు వినపడవు. కనిపెట్టింది మీ అత్తయ్య, నేను బిగించానంతే" అన్నారు. అల్లుడి మొహం చూడలేక, గోడవారనున్న అద్దాల బీరువా వైపు తిరిగి పనిముట్లు సర్దుకోసాగారు.

అల్లుడుగారు పాట ఆపేశారు. నా వైపు చూశారు.

నేను ఆయన వీపు చూస్తూ మామూలు గొంతుతోనే అన్నాను. "దుకాణం మూయకండి. రేపటి నుంచి నేనూ కిందికొస్తాను."

ఆయన తిరగలేదు. స్పానర్లు సర్దుతూనే ఉన్నారు. ఇక తప్పక ఆయనకీ బీరువాకీ మధ్య దూరి, ఎదురుగా నిలబడి, అదే మాట వీధంతా వినేలా అరిచాను. అల్లుడి ముందు సిగ్గుతో చచ్చాను.

ఆయన మోచేత్తో కళ్లు తుడుచుకున్నారు.

"మొదటిసారే తెలిసింది. బీరువా అద్దంలో నీ పెదాలు కనపడ్డాయి. ఇంకోసారి అంటావేమోనని ఊరుకున్నా."